మంత్రి గారు శ్రద్ధగా విన్నారు

ఎంపీల దగ్గర పీఏలుగా చేరిన పిల్లలు ఈ మధ్య ఇద్దరు ముగ్గురు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. పని ఎలా చేయాలో చెప్పమన్నారు. నేను మొదలుపెట్టగానే వాళ్ల ముఖాలు వాడిపోయాయి. ఎవరికి ఎంత వంగి దండం పెట్టాలి, ఏ ఫైలు ఎవరి బల్ల మీద ఆగుతుంది, వాళ్లకు కావలసింది అదీ. అవి నెల రోజుల్లో ఎవరైనా నేర్చుకుంటారు. నేను చెప్పదలుచుకున్నవి వేరు. ఏడేళ్ల పైచిలుకు ఆ కుర్చీలో కూర్చున్నాను. అందులో మంచికి చేసిందేదో, చెడుకు చేసిందేదో ఇప్పటికీ నాకే తేలలేదు. తేలలేదని ఒప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

నిచ్చెన గుర్తు సారు

మా సారు పేరు వెంకటనర్సయ్య. ఎంపీ కాకముందు హైస్కూల్లో లెక్కల మాస్టారు. డెబ్బైల చివర్లో ఏ పార్టీ టికెట్టూ లేకుండా నిచ్చెన గుర్తు మీద నిలబడి గెలిచారు. ఎలా గెలిచారో ఆయనకే తెలియదు. ఊరూరా ఆయన చేత బెత్తం దెబ్బలు తిన్న శిష్యులున్నారు, వాళ్లే ఓట్లు వేయించారని కొందరన్నారు. పెద్ద పార్టీలు రెండూ తమలో తాము కొట్టుకుని మధ్యలో ఈయన్ని గెలిపించాయని ఇంకొందరన్నారు. రెండోసారి కూడా గెలిచారు. అదెలాగో అసలు ఎవరికీ తెలియదు.

నేనప్పుడు హన్మకొండలో ఒక వకీలు దగ్గర టైపు కొట్టేవాణ్ణి. మా నాన్న మిషన్ దవాఖానలో కాంపౌండరు కావడంతో నాకు నాలుగు ఇంగ్లిషు ముక్కలు వచ్చాయి. ఆ సంగతి ఎవరో చెబితే సారు పిలిపించారు.

"సామేలూ, నాకు పార్టీ లేదు, ఆఫీసు లేదు. నువ్వొక్కనివే ఉన్నవు. అబద్ధం ఒక్కటి రాయకు. మిగిలినయి నేను చూసుకుంట," అన్నారు మొదటి రోజే.

ఆ ఒక్కటీ నా వల్ల కాలేదు.

సారుకు ఒక పద్ధతి ఉండేది. పార్లమెంటు సమావేశాలు ముగిసి ఆయన కాజీపేటలో రైలు దిగేసరికి ఒక కరపత్రం అచ్చయి ఉండాలి. ఢిల్లీలో తాను ఏమడిగారో, ఏం జవాబు వచ్చిందో అందులో ఉండాలి. ఆ కట్ట చంకలో పెట్టుకుని ఊరూరా తిరిగి, జనాన్ని కూర్చోబెట్టి, మొత్తం చదివి వినిపించేవారు. పాఠం అయిపోయాక అలవాటు కొద్దీ, "అర్థం కానోళ్లు చెయ్యి లేపండ్రి," అనేవారు. అందరూ లేపేవాళ్లు.

వర్ధన్నపేటలో ఒకసారి ఒక ముసలి రైతు లేచాడు.

"సారూ, మా బాయికాడ కరెంటు వస్తలేదు. గది అడిగినవా ఢిల్లీల?"

"గది హైదరాబాద్ సర్కారుది పెద్దయ్యా. ఢిల్లీల అడుగరాదు."

"మరి పోస్టాఫీసు?"

"అది ఢిల్లీది."

"బస్సు?"

"హైదరాబాద్‌ది."

"రైలు?"

"ఢిల్లీది."

"మరి మేం ఎవలోళ్లం సారూ?"

అందరూ నవ్వారు. సారు మాత్రం సుద్దముక్క కోసం వెతుకుతున్నట్టు జేబు తడుముకున్నారు. పీఏ పనిలో సగం ఇదే, బాబూ. ఏది ఎవరిదో జనానికి తెలియదు, మనకూ సరిగ్గా తెలియదు, కానీ తెలిసినట్టు ముఖం పెట్టాలి. నేను ఆ ముఖం పెట్టడంలో త్వరగానే ఆరితేరాను.

అడుగున ఒక లైను

కరపత్రాలు వరంగల్‌లో ఒక చిన్న ప్రెస్సులో అచ్చయ్యేవి. అక్కడ అక్షరాలు కూర్చే మనిషి రాజమల్లు. పనిమంతుడే గాని, కాగితం మీద ఖాళీ జాగా కనిపిస్తే ఓర్వలేడు.

మేడారం జాతరకు కాజీపేట దాకా ఎక్కువ రైళ్లు వేయాలని సారు ఒకసారి సభలో అడిగారు. ఆ కరపత్రం కూరుస్తూ రాజమల్లు తల గోక్కున్నాడు.

"సామేలన్నా, అడుగున ఒక లైను జాగ మిగిలింది. పువ్వు బొమ్మ వెయ్యాల్నా, ఏమన్న రాస్తవా?"

పువ్వు బొమ్మ పెళ్లి పత్రికలా ఉంటుందనిపించింది. నిలబడ్డచోటే ఒక ముక్క చెప్పాను: "మంత్రి గారు శ్రద్ధగా విన్నారు." లైను సరిగ్గా సరిపోయింది. రాజమల్లు సంతోషించాడు.

సారు ఆ కరపత్రాన్ని మొదటి ఊళ్లో చివరి లైను దాకా చదివేసి ఆగారు. నా వైపు ఒక చూపు చూశారు. నన్నేమైనా అడిగేలోపే జనం చప్పట్లు కొట్టారు. అంతకుముందు ఏ ఊళ్లోనూ ఆయనకు చప్పట్లు పడటం నేను చూడలేదు. ఆ రోజు సారు నన్నేమీ అనలేదు. అని ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. కానీ నా తప్పులో ఆయనకు వాటా పెట్టడం నాకే సిగ్గుగా ఉంటుంది.

రాజమల్లు ఆ లైను అక్షరాలు విప్పకుండా దారం కట్టి పక్కన పెట్టుకున్నాడు. ప్రతి కరపత్రానికీ అడుగున అదే వాడేవాడు. నన్ను అడగడం కూడా మానేశాడు.

కాశిబుగ్గలో నూలు

ఆ ఎండాకాలం వరంగల్ కాశిబుగ్గలో నేతగాళ్లకు నూలు దొరకలేదు. ఎందుకు దొరకలేదో ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్పారు. మిల్లులవాళ్లు పంపడం లేదని, సొసైటీవాళ్లు దాస్తున్నారని, పైనుంచే రావడం లేదని. సారు రెండు రోజులు ఇంటింటికీ తిరిగి రాసుకున్నారు. తిరిగాక ఆయనకు ఉన్న అయోమయం ఇంకొంచెం పెరిగింది.

అలా తిరిగిన ఇళ్లలో కొమురయ్యది ఒకటి. గుంట మగ్గం ఒకటుంది. ఆయన నేస్తాడు, భార్య రాజవ్వ కండెలు చుడుతుంది. రెండు నెలలుగా మగ్గం మీద బట్ట కప్పి ఉంది. రాజవ్వ తమ్ముడు షోలాపూర్‌లో మిల్లులో పని చేస్తూ, బావ కోసం అక్కడే ఒక పని జాగా మాట్లాడి పెట్టాడు. వారం లోపల వస్తారో రారో తేల్చి చెప్పమని కార్డు రాశాడు. మగ్గం కొనడానికి వర్ధన్నపేట నుంచి ఒకాయన వచ్చి చూసి వెళ్లాడు కూడా.

"పోవుడా, ఉండుడా, ఏం తోస్తలేదు సారూ," అన్నాడు కొమురయ్య. "నూలు వస్తదంటే ఉంటం. రాదంటే పోతం. గిది ఒక్కటి ఎవలన్న చెప్తే సాలు."

సారు ఢిల్లీ వెళ్లారు. పది రోజులకు పోస్టులో ఒక కవరు వచ్చింది. అందులో ఆయన ప్రసంగం కార్బన్ కాపీ. బడ్జెట్‌లో చేనేత పద్దు మీద చర్చలో తనకు మూడు నిమిషాలు ఇస్తామన్నారనీ, కరపత్రం సిద్ధం చేయించి పెట్టమనీ రాశారు. సిద్ధం చేయమన్నారు. పంచమనలేదు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, నేను పెట్టుకోలేదు.

పెళ్లిళ్ల రోజులు. ప్రెస్సులో పత్రికల పని నెత్తిమీద ఉందని రాజమల్లు కరపత్రాలు ముందే అచ్చేసి నా చేతిలో పెట్టాడు. 'మన ఎంపీ గారు సభలో ఇలా అన్నారు' అని పైన, ప్రసంగం మధ్యలో, అడుగున ఆ లైను. ప్రసంగం ఉందన్న రోజు సోమవారం. ఉదయం కాశిబుగ్గలో నూలు దుకాణం ముందు జనం గుమిగూడి ఉన్నారని విన్నాను. సాయంత్రానికి సారు ఎలాగూ మాట్లాడేస్తారు కదా అని సైకిలెక్కి పోయి పంచేశాను.

కొమురయ్య కాగితం తీసుకుని పక్కనే ఉన్న రాజవ్వకు వినపడేలా చదివాడు. చివరి లైను రెండుసార్లు చదివాడు.

జేబులో టెలిగ్రాం

మంగళవారం పొద్దున టెలిగ్రాం వచ్చింది. 'ప్రసంగం జరగలేదు. కరపత్రం ఆపు.'

మూడుసార్లు చదివాను. నాకు అర్థం కాలేదంటే నమ్మండి. అచ్చయిన ప్రసంగం జరగకపోవడం ఏమిటి? రేపు మాట్లాడతారేమో అనుకున్నాను. ఇంకో మనిషి ఎవరో పొరపాటున ఇచ్చిన టెలిగ్రామేమో అని కూడా అనుకున్నాను. కాశిబుగ్గ సైకిలు మీద ఎంతో దూరం కాదు. పోయి, 'ఆ కాగితం నమ్మకండి' అంటే సరిపోయేది. కానీ నిన్న పంచిన మనిషినే ఇవాళ పోయి అలా చెప్పాలంటే తల కొట్టేసినట్టయింది. సారు వచ్చాక ఆయనే చూసుకుంటారులే అనుకుని, టెలిగ్రాం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాను.

మధ్యాహ్నం కొమురయ్య వచ్చాడు. చేతిలో పోస్టుకార్డు ఉంది. ఆ రోజుల్లో ఉత్తరాల మీద ఇంగ్లిషు చిరునామాలు రాయించుకోవడానికి చాలామంది నేను పని చేసుకునే గదికి వచ్చేవాళ్లు.

"తమ్మీ, జర అడ్రసు రాసియ్యి. షోలాపూర్‌కు."

కార్డు తిప్పి చూశాను. 'మేము వస్తలేము. ఆ జాగ ఇంకెవలికన్న ఇయ్యిమను. మా ఎంపీ సారు మంత్రితోని మాట్లాడిండు. మంత్రి విన్నడట. నూలు వస్తది' అని ఉంది.

"కొన్ని రోజులు ఆగి రాయరాదే మామా?" అన్నాను.

"ఆగుడెందుకు? నువ్వే గద అచ్చేసినవు." నవ్వాడు. "రెండు నెలల సంది మీ అత్త మొఖం మీద నవ్వు సూడలె. నిన్న వండుకొని తిన్నం, కడుపునిండ. మగ్గం కొంటన్నాయనకు గూడ వద్దని చెప్పి పంపిన."

చొక్కా జేబులో టెలిగ్రాం ఉంది. నేను కలం తీసి అడ్రసు రాశాను. గుండ్రంగా, ఒక్క కొట్టివేత లేకుండా రాశాను. కొమురయ్య బయటికి పోయి, రోడ్డవతల డబ్బాలో కార్డు వేసి, లోపల పడిందా లేదా అని డబ్బా మీద ఒకసారి తట్టి చూసుకుని వెళ్లాడు. కిటికీలోంచి అంతా చూస్తూ కూర్చున్నాను.

ఎందుకు చెప్పలేదని మీరడుగుతారు. నా భార్య అడిగింది, పాస్టరు గారు అడిగారు, నన్ను నేను వేలసార్లు అడుక్కున్నాను. భయమని ఒకసారి అనిపిస్తుంది. ఆ మనిషి నవ్వు చెడగొట్టలేకపోయానని ఇంకోసారి అనిపిస్తుంది. రెండోది నాకు అనుకూలంగా ఉంది కాబట్టి దాన్ని నేనంతగా నమ్మను.

కాజీపేటలో

గురువారం సారు రైలు దిగారు. చంకలో కట్ట పెట్టుకోవడానికి చెయ్యి చాపలేదు.

"టెలిగ్రాం అందలేదా?"

"అందింది సార్."

"ఎప్పుడు?"

"మంగళవారం."

"కాయిదాలు ఎప్పుడు పంచినవు?"

"సోమవారం."

"మంగళవారం నుంచి ఇయ్యాల్టి దాక ఏం చేసినవు?"

ఒక్కో మెట్టూ ఎక్కించి చివరికి నా తప్పు నా చేతే చెప్పించారు. లెక్కల మాస్టారు కదా. కార్డు సంగతి వినగానే ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుండిపోయారు.

ఢిల్లీలో ఏం జరిగిందో అప్పుడు చెప్పారు. పద్దుల మీద చర్చకు పెట్టిన గడువు ఆ సోమవారం సాయంత్రంతో ముగుస్తుంది. గడువు కాగానే మిగిలిన శాఖల పద్దులన్నీ చర్చ లేకుండానే ఒక్కసారి ఓటుకు పెట్టేస్తారు. పార్టీలవాళ్లు మాట్లాడుతూ పోయారు. ఏ పార్టీ లేనివాడి వంతు అందరికన్నా చివర. సారు కాగితం పట్టుకుని లేచేసరికి స్పీకరు గడియారం చూశారు, గంట కొట్టారు, 'అవునన్నవారు, కాదన్నవారు' అయిపోయింది.

"నేను లేచి నిలబడ్డ సామేలూ. అంతవరకే నిజం," అన్నారు.

  స్టేషన్లోనే షోలాపూర్‌కు టెలిగ్రాం ఇప్పించారు, జాగా పోనివ్వకండి, వస్తున్నారు అని. జవాబు రెండు రోజులకు వచ్చింది. కార్డు ముందే అందిందట. జాగా ఇంకొకరికి ఇచ్చేశారట.

కాశిబుగ్గ మీటింగు

ఆ జవాబు పట్టుకుని సారు కాశిబుగ్గ పోయారు. నేను వద్దన్నాను. వచ్చే సమావేశాల్లో ఎలాగూ మాట్లాడతారు, అప్పటిదాకా ఊరుకుంటే పోతుందన్నాను. ఏ నాయకుడి దగ్గర పీఏ అయినా అదే అంటాడు. సారు చెప్పులు వేసుకున్నారు.

జనం ముందు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పారు. మాట్లాడలేదని, మాట్లాడే వంతు రాలేదని, కాగితం మీద ఉన్నది జరగలేదని.

ఎవరూ నమ్మలేదు. అంత విచిత్రం నేను మళ్లీ చూడలేదు. అబద్ధం నమ్మిన జనం నిజం నమ్మలేదు. "సారును ఎవలో బెదిరిచ్చిండ్రు," అన్నాడొకాయన. "మాట్లాడినంక మాట్లాడలేదంటడేంది?" అని ఇంకో ముసలాయన పక్కవాణ్ణి అడిగాడు. కొమురయ్య మాత్రం లేచి నిలబడ్డాడు. కరపత్రాన్ని అప్పటిదాకా నాలుగు మడతలు పెట్టి దాచుకున్నట్టున్నాడు. విప్పి చూశాడు.

"నువ్వు మాట్లాడనే లేదంటవు. మరి మంత్రి ఎట్ల విన్నడు సారూ?"

చాలామంది నా వైపు తిరిగారు. సారు ఒక అడుగు ముందుకు వేసి నాకు అడ్డం నిలబడ్డారు.

"కాయిదం నా పేరు మీద వచ్చింది. తప్పు నాది," అన్నారు. తర్వాత షోలాపూర్ జాగా పోయిందని కొమురయ్యకు అందరి ముందే చెప్పి చేతులు జోడించారు. టెలిగ్రాం మంగళవారమే అందిందన్న మాట మాత్రం చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

కొమురయ్య కాగితాన్ని మళ్లీ అవే మడతల మీద మడిచాడు.

రైలెక్కించడం

కొమురయ్య రెండు వారాలు చూశాడు. నూలు రాలేదు. మగ్గం కొంటానన్న వర్ధన్నపేట ఆయన ఇంకోటి కొనేసుకున్నాడు. చివరికి మగ్గం చట్రం పొయ్యికట్టెల కింద అమ్ముడుపోయింది. మిల్లులో జాగా లేకపోయినా కూలికైనా పోదామని మొగుడూ పెళ్లాలు బయల్దేరారు. తెలిసి నేను స్టేషనుకు పోయాను. సారు ఊళ్లో లేరు.

రెండు మూటలు, ఒక రేకు పెట్టె. రాజవ్వ పెట్టె మీద కూర్చుని ఉంది. నేను టెలిగ్రాం తీసి కొమురయ్య చేతిలో పెట్టాను. ఇంగ్లిషులో ఉంది కాబట్టి నేనే చదివి చెప్పాను. ఏ రోజు వచ్చిందో, ఎప్పుడు వచ్చిందో చెప్పాను. కార్డు మీద అడ్రసు రాసేటప్పుడు అది నా జేబులోనే ఉందని చెప్పాను. 

కొమురయ్య నా ముఖం చూసి తల తిప్పుకున్నాడు. కొడతాడేమో అనుకున్నాను. కొట్టలేదు. మాట్లాడింది రాజవ్వ.

"ఢిల్లీల మంత్రి విన్నడని రాసినవు. నువ్వు ఆడ లేవు. మా ఆయన నీ ముందట కూసొని కార్డు మీద అడ్రసు రాయించుకున్నడు. అది నీ కండ్లతోని చూసినవు. అప్పుడు నోరు తెరువకపోతివి." ఆమె గొంతు పెంచలేదు. "ఇప్పుడు మేం పోతానం. చూస్తానవు గద. ఇది రాయి."

రైలు వచ్చింది. మూటలు నేనే అందించాను. వద్దనలేదు, తీసుకున్నారు.

తర్వాత

ఆ తర్వాతి సమావేశాల్లో సారుకు మూడు నిమిషాలు దొరికాయి. పాత ప్రసంగం పక్కన పెట్టి, కొమురయ్య సంగతి చెప్పారట. ఉత్తరంలో ఇలా రాశారు: 'మాట్లాడాను. మంత్రి ఆ సేపంతా పక్కాయనతో ఏదో చెప్పుకుంటున్నాడు. చూసింది రాశాను, ఇదే అచ్చు వేయించు.'

ప్రెస్సులో రాజమల్లు దారం కట్టిన లైను తీసుకొచ్చి, "అడుగున ఇదే గదా?" అన్నాడు. విప్పేయమన్నాను. వింతగా చూశాడు, కానీ విప్పాడు.

ఆ తర్వాత కొంతకాలానికి కాశిబుగ్గకు నూలు వచ్చింది. సారు మాట్లాడినందుకు వచ్చిందో, ఎండలు తగ్గి వచ్చిందో, వేరే ఎవరి పలుకుబడితో వచ్చిందో నాకు తెలియదు. పై ఎన్నికల్లో సారు ఓడిపోయారు. మంత్రి వినలేదని అచ్చు వేసుకున్నందుకే ఓడారని శిష్యులన్నారు. ఏమో. షోలాపూర్‌కు నేను మూడు ఉత్తరాలు రాశాను, జవాబు రాలేదు. వాళ్లకు అందలేదో, అంది పడేశారో అదీ తెలియదు. కొత్తగా చేరిన మీకు చెప్పగలిగింది ఒక్కటే. ఈ ఉద్యోగంలో తెలియనివి చాలా ఉంటాయి, వాటి జాగాలో ఏదో ఒక లైను కూర్చకండి.

మంత్రి వినలేదని అచ్చయిన ఆ కరపత్రం పట్టుకుని సారు కాశిబుగ్గలో చదివిన రోజు నేను పక్కనే ఉన్నాను. అడుగున కొత్త లైను ఉంది: 'కొమురయ్య, రాజవ్వ మగ్గం కట్టెల కింద అమ్ముకుని షోలాపూర్ రైలెక్కారు. ఇది రాసినవాడు చూశాడు.' సారు అది చదివి, కాగితం దించి, అలవాటు కొద్దీ అడిగారు.

"అర్థం కానోళ్లు చెయ్యి లేపండ్రి."

ఆ రోజు ఒక్క చెయ్యీ లేవలేదు.